ప్రాగ్ పట్నం ముచ్చట

ఆ కందికట్టె ఇంకో నాలుగు మంటల వెయ్యి చిన్నోడా. ఇయ్యాల చలి జోరు మీదున్నది. రేపు భోగి. మీ బాపమ్మ అరుగు మీద కూసొని ముగ్గుపిండి జల్లిస్తున్నది. ఆమె చేతులు ఖాళీ అయ్యేదాక ముచ్చట నేను చెప్త. ఆమె వచ్చినంక మిగిలింది ఆమెనే చెప్పాలె, ఎందుకంటే ఆ ఊరిని చూసింది ఆమె. నేను నలభై ఏండ్లు దాని గురించి విన్న.

ఏ ఊరంటవా? ప్రాగ్. చెక్ దేశానికి రాజధాని. మీ నాయన జర్మనీల డ్రెస్డెన్‌ల కొలువు చేస్తున్నప్పుడు, 2005 మే నెలల, మేమిద్దరం మూడు రోజులు పోయొచ్చినం. అయితే ఆ ఊరు నాకెట్ల ఎరుకనో ముందుగాల చెప్పాలె. అది చెప్పకుంటే తర్వాతది మీకు సమజ్ కాదు.

1965ల నేను ఆర్సీపురం భెల్‌ల ఫిట్టర్ పని నేర్చుకునేటందుకు చేరిన. ఆ ఫ్యాక్టరీ మనకు చెకోస్లొవేకియా సాయంతోటి వచ్చింది. అప్పుడు చెక్, స్లొవాక్ రెండూ ఒకటే దేశం. టర్బైన్ల నమూనా స్కోడా వాళ్ళది. వాళ్ళ ఇంజనీర్లు వచ్చి మనోళ్ళకు పని నేర్పిన్రు. నాకు నేర్పినాయనను అందరం చెక్ సారు అంటుంటిమి. పొడుగు మనిషి, ఎండకు మెడంత ఎర్రగ కమిలిపోయేది. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు అంతకంటె తక్కువ. మా ఇద్దరి నడుమ మాట్లాడింది సుద్దముక్క. ఏది చెప్పాలన్నా షాపుల నేల మీద గొంతుకూసొని గీసేటోడు. మిల్లీమీటర్‌ను వెయ్యి పాళ్ళు చేస్తే అండ్ల ఒక పాలు మైక్రాన్ అని, టర్బైన్ తిరిగేటప్పుడు ఆ లెక్క తప్పితే ఏమైతదో, అంత సుద్దముక్కతోటే చూపించిండు. నేను ముప్పై ఏండ్లకు పైన ఆ చదువుతోనే బతికిన.

ఒకనాడు అన్నాలు తిన్నంక నేల మీద తొమ్మిది అంకెలు రాసిండు. 1 3 5 7 9 7 5 3 1. చదువుమన్నడు. చదివిన. వెనుక నుంచి చదువుమన్నడు. చదివిన. రెండు దిక్కుల నుంచి ఒకటే. మల్ల దాని మీద ఒక వంతెన గీసిండు, కమాన్లు కమాన్లు. 1357వ సంవత్సరం, 9వ తారీఖు, 7వ నెల, పొద్దుగాల 5 గంటల 31 నిమిషాలు. ఆ గడియకు వాళ్ళ రాజు నాలుగో చార్లెస్ ప్రాగ్‌ల వల్తావా నది మీద రాతి వంతెనకు మొదటి రాయి పెట్టిండని వాళ్ళు చెప్పుకుంటరు. సంవత్సరం, తారీఖు, నెల, గంట, నిమిషం వరుసగ పేరిస్తే ఆ అంకెలే. జ్యోతిష్కులు చూసి పెట్టిన ముహూర్తమట. అంతకు ముందున్న జూడిత్ వంతెనను 1342ల వరద కొట్టుకపోయింది, అందుకే ఈసారి గడియ చూసుకున్నరు. రాజంటోడు గూడ నదికి భయపడి ముహూర్తం పెట్టుకున్నడని వినంగనే ఆ ఊరు నాకు దగ్గరైంది. మనం బాయి తవ్వినా, దర్వాజ నిలబెట్టినా గదే గదా చేస్తం.

సున్నంల కోడిగుడ్లు కలిపిన్రని గూడ చెప్పిండు. రాజ్యంల ఊరూరి నుంచి గుడ్లు పంపుమంటే, వెల్వరి అనే ఊరోళ్ళు తొవ్వల పగులుతయని ఉడకబెట్టి పంపిన్రట. అది చెప్పి కడుపు పట్టుకొని నవ్వేటోడు. మన దగ్గర డంగు సున్నంల బెల్లం, కరక్కాయ, గుడ్డుసొన పోస్తరని నేను చెప్తే లేచి నా చెయ్యి పట్టుకొని ఊపిండు.

ఆయన దగ్గర ఒక పోస్టు కార్డు ఉండె, నలుపు తెలుపు బొమ్మ. వంతెన మీద ఒక సాధువు విగ్రహం, తలకాయ చుట్టూ ఐదు చుక్కలు. దాని కింద ఆయన భార్య నిలబడ్డది. నది అవతలి ఒడ్డున కోట కింద ఉండే మాలా స్త్రానాల ఆయన ఇల్లు. బడికి పోవాలన్నా రావాలన్నా ఆ వంతెన మీది నుంచే. పోతే తెల్లారక ముందే పోవాలె, అప్పుడు వంతెన నీదే అనేటోడు.

ఇగ జావా బండి. నేను కొన్న జావా ఫోటో మీరు చూసిన్రు. అది మైసూర్ల తయారైంది, కానీ జావా కంపెనీ పుట్టింది ప్రాగ్‌లనే, 1929ల. కిక్ కొట్టే రాడ్డు, గేర్ వేసే రాడ్డు రెండూ ఒకటే, స్టార్ట్ అయినంక దాన్నే మలిపితే గేరు. నేను బండి తెచ్చిన రోజు చెక్ సారు దాని చుట్టూ రెండు సార్లు తిరిగి, ట్యాంకు మీద చెయ్యి వేసి ఊకె నిలబడ్డడు. దాని మీదనే మీ బాపమ్మను యాదగిరిగుట్టకు, ఏడుపాయల జాతరకు తీస్కపోయిన. వెనుక కూసొని ఆమె అడిగింది, ఈ బండి పుట్టిన ఊరు ఎంత దూరమని. తీస్కపోత అన్న. ఇరవై ఐదేండ్లోని మాట అది. మాటనైతే ఇచ్చిన.

1968 ఆగస్టు. ఆ పొద్దు చెక్ సారు పనికి వచ్చిండు గని చేతిల పనిముట్టు పట్టలే. 20వ తారీఖు రాత్రి సోవియట్ సైన్యం, దాని తోటి దేశాల సైన్యాలు టాంకులతోటి వాళ్ళ దేశంల జొర్రినయి. అంతకు ముందు కొన్ని నెలలు అక్కడ దుబ్చెక్ సర్కారు జనాన్ని ఇంత గాలి పీల్చుకోనిచ్చింది, పత్రికలు నోరు తెరిచి రాసినయి. అది గిట్టక వచ్చిన్రు. క్యాంటీన్ల ట్రాన్సిస్టర్‌కు చెవి పెట్టి కూసున్నడు. నేను చాయ తెచ్చి ముంగట పెట్టిన. తాగలే. జేబుల నుంచి సుద్దముక్క తీసి బల్ల మీద వంతెన గీసిండు, దాని మీద ఒక చిన్న చౌకం, చౌకానికి ఒక గీత. టాంకు. మల్ల అరచేతితోటి అంత తుడిచేసిండు. నేను నా జన్మల మొగోడు గట్ల ఏడువంగ చూసుడు అదే మొదలు.

మరుసటేడు పోయిండు. రెండేండ్లు కొత్త సంవత్సరానికి కార్డు వచ్చింది, వాళ్ళు దాని మీద పి.ఎఫ్. అని రెండు అక్షరాలు రాస్తరు. మూడో ఏడు రాలే. నేను రాసినవాటికి జవాబు లేదు. పోయేటప్పుడు ఆ పోస్టు కార్డు మాత్రం నాకు ఇచ్చిపోయిండు.

సరే, 2005. నేను కొలువు దిగినంక మీ నాయన రమ్మంటే డ్రెస్డెన్ పోయినం. అక్కడి నుంచి ప్రాగ్ రైల్ల రెండున్నర గంటల తొవ్వ. చెక్ దేశం యూరోపియన్ యూనియన్ల చేరి ఏడాదే అయింది, అప్పుడు వీసా వేరే తీసుకోవాల్సి ఉండె, సరిహద్దుల పోలీసులు రైలెక్కి పాస్‌పోర్టులు చూసిన్రు. తొవ్వ పొడుగునా పక్కపొంటే నది. జర్మనీల దాన్ని ఎల్బె అంటరు, గీత దాటంగనే లాబె. దానిల కలిసేదే మన వల్తావా. మీ బాపమ్మ కిటికీకి మొఖం ఆనించి కూసున్నది. నది పేరు మార్చుకున్నా నీళ్ళకు ఎరుకుండదు గదా, అన్నది.

జిజ్‌కోవ్ అనే దిక్కు ఒక ముసలామె ఇంట్ల అర్ర కిరాయికి తీసుకున్నం. ఆమెకు చెక్ సారు ఇంటిపేరు చెప్పిన. టెలిఫోన్ పుస్తకం తీసి చూపించింది. ఆ పేరుతోటి పేజీలకు పేజీలు. రెండు మూడు చోట్ల ఫోన్ గూడ చేసిపెట్టింది పాపం. దొరకలే. మేం గూడ ఇగ అడగలే.

డబ్బుల కాడ మొదటి రోజే దెబ్బ తిన్నం. యూరోలు ఇచ్చి వాళ్ళ కొరూనాలు తీసుకునే దుకాణంల పెద్ద అక్షరాల రేటు ఒకటి, చేతికిచ్చిన రేటు ఒకటి. చిన్న అక్షరాలల్ల రాసి ఉన్నదట. అడిగితే కాగితం చూపించిన్రు. ఆ పొద్దు అన్నం సహించలే నాకు. మీ బాపమ్మ సంచిల నుంచి సకినాలు తీసి చేతుల పెట్టి, పైసలు పోతే పోయినయి, పొద్దు పోతే రాదు నడువు అన్నది.

పాత పట్నం నడిమిట్ల పెద్ద చౌక్ ఉంటది. అక్కడి టౌన్ హాల్ గోడకు ఒక గడియారం, 1410ల చేసింది. చేసినాయన పేరు కాగితాల మీద ఉన్నది, కదాన్ ఊరి మికులాష్. గంట కొట్టంగనే పైన రెండు కిటికీలు తెరుచుకొని ఏసుక్రీస్తు శిష్యుల బొమ్మలు ఒక్కొక్కటి వచ్చి పోతయి. పక్కకు ఒక అస్థిపంజరం గంట తాడు గుంజుతది. దాని పక్కపొంటి బొమ్మలు తల అడ్డంగ ఊపుతయి, మేం రాం, మేం రాం అన్నట్టు. ఆఖరికి బంగారు కోడిపుంజు కూస్తది. జనం చప్పట్లు కొట్టి ఎవరి తొవ్వ వాళ్ళు పట్టిన్రు.

మీ బాపమ్మ కదలలే. బొమ్మలను ఒక్కసారి చూసింది, ఇగ ఆమె చూపంత కింది పళ్ళెం మీదనే. ఇది గడియారం కాదు, పంచాంగం అన్నది.

చూస్తే నిజమే. పన్నెండు రాశుల చక్రం ఒకటి తిరుగుతుంటది. మేషం, వృషభం, కర్కాటకం గుర్తులు మనయే. సూర్యునికి ఒక ముల్లు, చంద్రునికి ఒక ముల్లు. చంద్రుడు సగం వెండి, సగం నలుపు ఉన్న గుండు, తనంతల తనే తిరుగుతది. అమాస దగ్గరికొచ్చింది. వెండి సన్నటి గీత లెక్క కనవడుతున్నది. బయట ఇంకో చక్రం మీద 24 అంకెలు, పాత లిపిల. అది పొద్దుగూకిన కాడి నుంచి గంటలు లెక్కపెడుతది. వాళ్ళకు పాతకాలంల దినం మొదలయ్యేది మాపటీలి. మనకు పొద్దు పొడిస్తేనే వారం మారుతది, వాళ్ళకు పొద్దు మునిగితే మారేది.

ఆమె కొద్దిసేపు చూసి, దీన్ల తప్పున్నది అన్నది. సూర్యుడు వృషభంల ఉన్నడు. భరణి కార్తె నడుస్తున్నది, సూర్యుడు మేషంల ఉండాలె గదా? నేను చదివిన లెక్కలల్ల దానికి జవాబు లేదు. ఊరికొచ్చినంక అయ్యగారిని అడిగితే చెప్పిండు. తప్పు కాదమ్మా, వాళ్ళది సాయన లెక్క, మనది నిరయన లెక్క. వాళ్ళు రాత్రి పగలు సమానమయ్యే దినం నుంచి మేషం మొదలుపెడతరు, మనం నక్షత్రాలను పట్టుకొని మొదలుపెడతం. నడుమ దూరం 24 డిగ్రీల దాక అయింది. దాన్నే అయనాంశ అంటరు. ఆరు వందల ఏండ్ల గడియారం, మన కార్తె లెక్క, రెండూ సరైనయే. ఆ గడియారం ముంగట రోజుకు ఎన్ని వేల మంది నిలబడుతరో! వచ్చిపోయే బొమ్మలను వదిలి సూర్యుడు ఏ రాశిల ఉన్నడో చూసేటోళ్ళు ఎందరు?

దాన్ని చేసినోని మీద ఒక కథ చెప్తరు. హనుష్ అనే పనిమంతుడు చేసిండని, ఇంకో ఊరికి గట్లాంటిది చేసియ్యొద్దని ఊరిపెద్దలు ఆయన కండ్లు పొడిపించిన్రని, ఆయన తడుముకుంట పోయి గడియారాన్ని ఆపేసిండని. హనుష్ ఉన్నమాట నిజమే, దాన్ని తర్వాత కాలంల బాగుచేసినాయన. కండ్లు తీసిన మాట కథనే. కథనే అయినా నాకు పాణం జల్లుమన్నది. చేతిపని చేసేటోనికి ఆ కథ వేరే తీరుగ వినవడుతది.

ఆ టౌన్ హాల్ పక్కనే నేల రాళ్ళల్ల తెల్ల రాళ్ళతోటి సిలువ గుర్తులు పొదిగి ఉన్నయి. 27. రాజు మీద తిరగబడ్డ 27 మందిని 1621 జూన్ 21న అక్కడ సంపిన్రు. తెలిసినంక మీ బాపమ్మ చెప్పులు విడిచి, పక్క నుంచి నడిచింది. ఆ వారంల ఊరంత గోడలకు చిన్న చిన్న పలకల కాడ పూలు, దండలు ఉండె. ఎవరికని అడిగితే ఇంటామె చెప్పింది. 1945 మే 5న ప్రాగ్ జనం జర్మన్ సైన్యం మీద లేచిన్రు. నాలుగు రోజుల కొట్లాట. ఎవరు ఏడ పడిపోయిన్రో ఆడ గోడకు పలక. మేం పోయిన వారానికి సరిగ్గ అరవై ఏండ్లు. ఆ టౌన్ హాల్‌ల ఒక దిక్కు అప్పుడే కాలిపోయింది, మల్ల కట్టలే. గడియారం గూడ కాలితే మూడేండ్లు కూసొని బాగుచేసుకున్నరు.

కోటకు 22వ నంబరు ట్రాము ఎక్కి పోయినం. లోపల సెయింట్ వీటస్ గుడి, 1344ల మొదలుపెడితే అయిపోయింది 1929ల. 585 ఏండ్లు! నడుమ యుద్ధాలు, పైసల కరువు, సగం గుడికి అడ్డగోడ పెట్టుకొని వందల ఏండ్లు అట్లనే మొక్కుకున్నరు. రెండో మేస్త్రీ పీటర్ పార్లర్, వచ్చేనాటికి 23 ఏండ్లోడు. వంతెన కట్టింది గూడ ఆయననే. ఆ గుడి లోపల పైన రాజులు, రాణుల తలకాయ బొమ్మల వరుసల ఆయన బొమ్మ గూడ చెక్కి పెట్టిన్రు. అది వినంగనే నాకు రామప్ప యాదికొచ్చింది. దేవుని పేరు వదిలి శిల్పి పేరు నిలబెట్టుకున్న గుడి మన దగ్గర ఉన్నది. రాజు పక్కన మేస్త్రీని నిలబెట్టిన గుడి వాళ్ళకున్నది. ఆ కోటలనే 1618ల ఇద్దరు అధికారులను, వాళ్ళ రాతగానిని కిటికీల నుంచి కిందికి విసిరేసిన్రు. ముగ్గురూ బతికిన్రు. గని దానితోటి మొదలైన యుద్ధం ముప్పై ఏండ్లు నడిచి యూరప్‌ల లక్షల మందిని మింగింది. కిటికీ చూసినం. మామూలు కిటికీ.

వెన్సెస్లాస్ చౌక్‌ల ఎక్కువసేపు లేం. పేరుకు చౌక్ గని పొడుగు బజారు. పై కొసకు గుర్రం మీద సెయింట్ వెన్సెస్లాస్. 1969 జనవరిల యాన్ పాలఖ్ అనే ఇరవై ఏండ్ల విద్యార్థి టాంకులు వచ్చినా జనం సప్పుడు చేస్తలేరని అక్కడ పాణం తీసుకున్నడు. అదే జనవరిల మన దగ్గర తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్డెక్కిన్రు. నా ఈడు పోరలు ఇటూ అటూ. బతికుంటే ఆయన గూడ మనవండ్లతోటి కూసుంటుండె. 1989 నవంబర్ల అదే చౌక్‌ల లక్షల మంది నిలబడి జేబులల్ల తాళంచెవులు తీసి గలగల ఊపిన్రు, ఇగ మీరు ఇంటికి పోండని సర్కారుకు చెప్పుడన్నట్టు. సర్కారు దిగిపోయింది. ఇది చెప్తుంటే మీ బాపమ్మ నడుముకున్న గుత్తి మీద చెయ్యి వేసుకున్నది.

పింకాస్ సినగాగ్ సంగతి మీ బాపమ్మ చెప్పదు. నేనే చెప్త. అది యూదుల పాత ప్రార్థన మందిరం.  గోడల నిండ పేర్లు, పై నుంచి కింది దాక. బొహీమియా, మొరావియాల నుంచి హిట్లర్ మనుషులు తీస్కపోయి సంపిన యూదుల పేర్లు, 78 వేల దాక. ఇంటిపేరు ఎర్రసిరాతోటి, మనిషి పేరు, తారీఖులు నల్లసిరాతోటి. చేతిరాత. ఒకసారి రాసిన పేర్లు చెమ్మకు పాడైతే పాత సర్కారు బాగుచేస్తమని తాళమేసి ఏండ్ల కొద్ది వదిలేసింది. 1989 తర్వాత మల్ల మొదటి నుంచి రాసిన్రు. 2002ల వరదకు కింది వరుసలు మల్ల తడిసినయి, మల్ల రాసిన్రు.

మీ బాపమ్మకు ఆ అక్షరాలు రావు. అంకెలు వస్తయి. పుట్టిన ఏడు, పోయిన ఏడు చూసుకుంట వేలు మీద లెక్కపెట్టుకుంట గోడ పొంటి నడిచింది. 1938, 1944. ఆరేండ్లు, అన్నది. ఇంకోటి చూసి, ఇది మూడేండ్లది, అన్నది. నేను కొద్దిసేపటికి బయటికి వచ్చిన, ఆగలేకపోయిన. ఆమె గంటకు వచ్చింది. బయట పాత బొందలగడ్డ, జాగ లేక ఒకరి మీద ఒకరిని పూడ్చుకుంట పోయిన్రు, రాళ్ళు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నయి. అక్కడ పూలు పెట్టరు, చిన్న గులకరాయి పెడతరు. ఆమె ఒకటి ఏరి పెట్టింది. ఆ మాపటీలి అన్నం తినలే, మాట్లాడలే.

మూడో రోజు తెల్లారకముందే లేచినం. మే 5. మొదటి ట్రాములల్ల ఒకటి పట్టుకొని నది కాడికి పోయినం. మబ్బు మబ్బుగ ఉన్నది, చలి. బురుజు కింది నుంచి నడిచి వంతెన మీదికి వచ్చినం. అర కిలోమీటర్ పొడుగు, 16 కమాన్లు, రెండు దిక్కుల కలిసి 30 విగ్రహాలు. ఒక్క మనిషి లేడు. చెక్ సారు చెప్పినట్టు వంతెన మాదే. కింద నీళ్ళ సప్పుడు, హంసలు. 1890 వరదకు మూడు కమాన్లు కూలినయి, మల్ల నిలబెట్టిన్రు. 1908ల మూసీ మన పట్నాన్ని ఏం చేసిందో మా తాత చెప్పంగ విన్నోణ్ణి, నదిని చూస్తె నాకు పొగడబుద్ధి కాదు, దండం పెట్టబుద్ధి అయితది.

పోస్టు కార్డు చేతుల పట్టుకొని విగ్రహాలు చూసుకుంట పోయినం. తల చుట్టూ ఐదు చుక్కల సాధువు దొరికిండు. నెపోముక్ యాన్. 1393ల రాజు ఆయనను ఈ వంతెన మీది నుంచే నదిల పారేయించిండు. రాణి చెప్పుకున్న రహస్యం రాజుకు చెప్పనన్నందుకని జనం చెప్పుకుంటరు. విగ్రహం 1683ది. కింద కంచు పలక జనం తాకి తాకి బంగారం లెక్క మెరుస్తున్నది. చెక్ సారు భార్య నిలబడ్డ జాగల మీ బాపమ్మ నిలబడ్డది. ఆ కార్డుల ఆమె ఎట్ల నిలబడ్డదో గట్ల, ఎడమచెయ్యి పిట్టగోడ మీద ఆనించి.

నా జేబుల సుద్దముక్క ఉండె. ఆర్సీపురంలనే తీసి పెట్టుకున్న. వంగి, నేల మీద రాసిన. 1 3 5 7 9 7 5 3 1. చెక్ సారు ఎట్ల రాసిండో గట్లనే, అడ్డంగ. రాసి, ఆ రాజు ముహూర్తం కథ మల్ల చెప్పబోయిన. మీ బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఇది ముగ్గు గదయ్యా, అన్నది.

నాకు తెల్వలే ఏమన్నదో. సుద్దముక్క నా చేతిల నుంచి తీసుకున్నది. ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది. మల్ల ఏడు, ఐదు, మూడు, ఒకటి. తొమ్మిది చుక్కల సరిచుక్క ముగ్గు, మా అమ్మ నేర్పిన మొదటి ముగ్గు ఇది, అనుకుంట కూసున్నది. వంతెన మీద నేలంత చిన్న చిన్న చౌకం రాళ్ళు పరిచి ఉంటయి. రాయికొక చుక్క పెట్టుకుంట పోయింది. ఎంచితే 41. మండలం లెక్క, అన్నది. మల్ల చుక్కల నడుమ గీత తిప్పుడు మొదలుపెట్టింది. నలభై ఏండ్లు నేను ఆ అంకెలను ముందు నుంచి, వెనుక నుంచి చదివిన. ఒకదాని కింద ఒకటి పేర్చి చూడాలని నాకు ఒక్కనాడు తట్టలే. చెక్ సారుకు తట్టలే. ఆ జ్యోతిష్కులకు తట్టిందో లేదో.

వీధులూడ్చే ఒకాయన బండి నెట్టుకుంట వచ్చిండు. కొడతడేమో, తిడతడేమో అనుకున్న. ఆగిండు. చీపురు ఆనించుకొని ముగ్గు అయిపోయేదాక చూసిండు. ఏదో అడిగిండు. నేను ఆ అంకెలు చూపించిన. ఆయన వేలుతోటి గాలిల చదువుకున్నడు, ముంగటికి, వెనుకకు, తలకాయ ఊపి, బండి పక్కకు మలుపుకొని ముగ్గు తొక్కకుంట పోయిండు. గోడమీది ఆ ఫోటో తీసింది ఆయననే. ఫోటోల పొద్దు బురుజు పక్కకు అప్పుడే పొడుస్తున్నది. గడియారం చూసుకున్న, ఐదు ముప్పై ఒకటి.

ఆఁ, వచ్చినవా? కూసో. ఏందీ? ఐదు ముప్పై ఒకటి కాదా? ఇంటున్నరా బిడ్డా, పొద్దు అంతకు జెర ముందుగాలనే పొడిచిందట, నేను గడియారం చూసుకుంటుంటే ఆమె పొద్దును చూసిందట. సరే, గట్లనే అనుకుందాం.

పిండి మంచిగ జల్లించినవా? గడ్డలు గిట్ట రాలేదు గదా. రేపు నాలుగింటికి ఎవరు లేస్తరో ఇప్పుడే చెప్పుమంటున్నది మీ బాపమ్మ. నడుము వంగుతలేదట, చుక్కలు మీరే పెట్టాలె. నడిమి వరుస తొమ్మిది. అక్కడి నుంచి పైకి, కిందికి.